టప్పాఖానా రాయి మీద మూడో పేరు

"అమ్మమ్మా, ఆ పాత టప్పాఖానా, గదే పోస్టాఫీసు, దాని గోడకు ఒక రాయి ఉన్నది గదా, లడాయిల సచ్చిపోయినోళ్ల పేర్లది. దాని మీద మూడో పేరు కాడ గుంత వడ్డట్టు ఎందుకున్నది?"

గుంత గాదే అది, చెక్కుడు. ముందుగాల ఆడ ఇంకో పేరుండె. దాన్ని గీకి పారేసి మల్లొకటి చెక్కిన్రు. రెండుసార్లు ఉలి వడ్డది, గందుకే రాయి లోపటికి పోయింది. ఇప్పుడున్న పేరు మీ తాతది. చెక్కిపిచ్చింది నేను. ఆ మాటలు పట్టే డబ్బ నడుస్తున్నదా? నడవనియ్యి, నాకేం భయం. ఆ చాట జర్ర ఇటు జరుపు, చింతపండు గింజలు తీసుకుంట చెప్త. చేతులు ఊకుంటే నాకు మాట రాదు.

మేము పురానాపూల్ కాడుండేటోళ్లం. మూసీ ఒడ్డు పొంటి గడ్డి మస్తుండె, మా పాలోళ్లందరు గాడ్నే. మా అత్తగారింట్ల ఏడు బర్రెలు. ఏడా, ఎనిమిదా... ఎనిమిది. ఒకటి వట్టిపోయిందుండె, మా మామ దాన్ని లెక్కల పట్టకపోతుండె. నిజాం సర్కార్ హాలీ రూపాయి పట్టుకపోతే బేగంబజార్ల బియ్యం, ఉప్పు, బెల్లం, ఇంత ఎండుకొబ్బరి గూడ వచ్చేది. ఇప్పుడు నీ రూపాయికి ఏమొస్తది చెప్పు. సరే గని, ఏం చెప్తున్న? ఆఁ, మీ తాత. మీ తాతకు బర్రెలంటే అస్సలు గిట్టకపోతుండె. పాలు పిండుమంటే మొకం ముడుసుకునేటోడు. నడుసుడంటే మాత్రం పానం. పొద్దుగాల జహనుమా దాకా నడిచిపోయి వచ్చి, ఇంకెక్కడికన్న పోయే పనున్నదా అని అడిగేటోడు. వీనికి ఇంట్ల కాలు నిలవదు అని మా అత్త తిట్టేది. గట్ల తిరిగి తిరిగి టప్పాఖానల వడ్డడు, బద్లీ కింద.

నేను మీ తాత పేరు తియ్యకుంటనే చెప్త, ఏమనుకోకు. మా కాలంల పెనిమిటి పేరు నోట్లకు రావొద్దు. ఇంటి ముంగట ఎవలన్న వచ్చి ఆయన పేరేంది అని అడిగితే, పక్కింటోళ్లను పిలిచి చెప్పిచ్చేదాన్ని. నువ్వు నవ్వితే నవ్వు.

బద్లీ అంటే ఏందంటే సూడు. ఆ టప్పాఖానల పక్కా నౌకర్లు ఐదుగురు. ఒక్కొక్కలకు ఒక తోలు పట్టా, దానికి ఇత్తడి బిల్లా, బిల్లా మీద నంబరు. పొద్దుగాల మున్షీ సాబ్ కితాబ్ తెరిచి పేర్లు పిలుస్తడు. హాజిర్ అనాలె, సంచి తీసుకోని పోవాలె. ఎవలికన్న జెరమొచ్చిందనుకో, ఇంట్ల లగ్గమున్నదనుకో, బద్లీ ఆయన ఆ పట్టా నడుముకు కట్టుకొని, ఆ పేరు పిలిస్తే తనే హాజిర్ అని, ఆయన తోవంత తిరిగి ఉత్తరాలు పంచి వస్తడు. కితాబుల మాత్రం పక్కా ఆయనే వచ్చినట్టు రాస్తరు. మున్షీకి ఎరుకే, పెద్ద సాబ్‌కు ఎరుకే, ఉత్తరం తీసుకునేటోళ్లకు గూడ ఎరుకే. ఆ కితాబు జూస్తే ఆ టప్పాఖానోళ్లకు ఏండ్లకేండ్లు ఒక్కనాడు దగ్గు గూడ రాలేదనుకోవాలె. అందరి పేర్ల కింద ఆఖరికి బద్లీ పేరుండె, మీ తాతది. ఎవలు నాగా పెట్టని నాడు ఆయన తన పేరుకు తను పలికి, కూసొని ఉత్తరాలకు ముద్రలు గుద్దేటోడు. నా పేరుకు నేను పలికేది నెలకు నాలుగు దినాలే అని నవ్వేటోడు.

ఎక్కువ మట్టుకు ఆయన రాజలింగం అన్న పట్టానే కట్టేటోడు. రాజలింగం అన్నది మా గల్లీనే. పక్కా నౌకరి, మంచి మనిషి. మీ తాత కంటె నాలుగేండ్లు పెద్దోడు. నన్ను చెల్లె అనేటోడు. ఆయన పెండ్లాం బాలవ్వకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయిన్రు. పాపం, ఆమెకు పానం బాగలేనప్పుడల్లా ఈయన నాగా పెట్టేది, మీ తాత పోయేది.

గంతల లడాయి వచ్చింది. బియ్యం, గాసునూనె రేషన్ మీద పెట్టిన్రు సూడు, ఆ రోజులు. సిపాయిలకు ఉత్తరాలు అందాలె గదా, ఆడ గూడ టప్పా నడవాలె. నౌకర్లు గావాలె, పేర్లియ్యిన్రి అని సర్కార్ అడిగింది. మా టప్పాఖానల ముగ్గురు పేర్లిచ్చిన్రు. అండ్ల రాజలింగం అన్న ఒకడు. జోష్‌ల ఇచ్చిండు, ఖాకీ తొడుక్కోవచ్చు, తిరిగొస్తే పెద్ద నౌకరి అని. ఇచ్చిన పదిరోజులకు బాలవ్వకు నెల తప్పింది. ఇగ సూడు. ఆమె లొల్లి పెట్టలే, ఏడ్వలే. అన్నం తినుడు బంద్ పెట్టింది. మొగడు ముంగట కూసొని బతిమాలినా నోట్ల మెతుకు పెట్టకపోతుండె.

మీ తాత నాతోని అన్నడు. "ఆయన పేరుకు నాలుగేండ్లసంది నేనే పలుకుతున్న. ఇంకో ఆరు నెలలు పలికితే ఏమైతది?"

నేనేమన్ననో గూడ చెప్పాలె. ఇండ్ల అబద్ధమాడితే ఏం ఫాయిదా. పో అన్న. పోయొచ్చినోనికి పక్కా నౌకరి ఇప్పిస్త అని మున్షీ సాబ్ చెప్పిండు. నాకు గదే నెత్తిల వడ్డది. ఇంకొకల పట్టా కట్టుకొని ఎన్నేండ్లు తిరుగుతవు, పోయిరా, నీ బిల్లా నీకొస్తది అన్న. ఆరు నెలల బద్లీ అనుకున్నం. నేనే గాదు, మున్షీ సాబ్, రాజలింగం అన్న, అందరం గట్లనే అనుకున్నం. రాజలింగం అన్నకు జెరమొచ్చిన నాడు మీ తాత ఆయన తోవ తిరిగి మాపటికి ఇంటికొచ్చేది గదా, లడాయిని గూడ మేం గట్లనే సూసినం. గదే మేం చేసిన తప్పు.

అప్పుడు ఫోటోలు గిట్ల ఏడివి? డాక్టర్ రొమ్ము మీద కొట్టి సూసిండు, పండ్లు జూసిండు, బిల్లా నంబరు రాసుకున్నడు. రాజలింగం అని పిలిచిన్రు, మీ తాత హాజిర్ అన్నడు. ఖతం. జొన్నరొట్టెలు మూట గట్టిచ్చిన. మీ అమ్మ నా సంకల ఉన్నది, ఆరు నెలలది. పోయేముందు దాని కాళ్లు పట్టుకొని సూసి, ఇది గూడ నా లెక్కనే నడుస్తది అన్నడు.

ఇగ ఇటు దిక్కు సంగతి విను. రాజలింగం లడాయికి పోయినట్టు కితాబుల రాసుకున్నరు. మరి ఈడున్న రాజలింగం ఏమైతడు? మున్షీ సాబ్ తెలివి జేసిండు. రాజలింగం అన్నను బద్లీ కింద మీ తాత పేరుకు పలుకుమన్నడు. అంటే మీ తాత రాజలింగమై పోయిండు, రాజలింగం అన్న మీ తాత పేరయి ఈడ ఉత్తరాలు పంచవట్టె. సమజైందా? ఆఁ.

ఉత్తరాలు మూడొచ్చినయి. రాజలింగం ఇంటి మీదికే వచ్చేటివి, రాజలింగం అన్ననే తెచ్చి చదివి చెప్పేటోడు. సర్కార్ విప్పి సూసి పంపేది గనుక కింద సంతకం గూడ మీ తాత రాజలింగం అనే పెట్టేటోడు. ఈడ గుట్టలు గుట్టలు ఉత్తరాలున్నయి, సగం మంది ఊరి పేరు సక్కగ రాయరు, ఎవల కొడుకుదో ఎవల మొగనిదో, అందాలె అని కూసొని దేవులాడుత అని రాసిండు. ఇంకో దాంట్ల బర్రెలు బాగున్నయా అని అడిగిండు. బర్రెలంటే గిట్టనోడు బర్రెలను అడిగిండు. గప్పుడు ఎరుకైంది నాకు, ఇంటి మీద ఆయనకు ఎంత పానం గొట్టుకుంటున్నదో. ఆ దినమంత నాకు పని సాగలే.

బాలవ్వకు పిలగాడు పుట్టిండు. బతికిండు. మంచిగున్నడు. నేనే పోయి తానం పోసిన వానికి.

ఆ తర్వాత ఒకనాడు, పొద్దు బాగ ఎక్కింది, నేను బర్రెను కడుగుతున్న. రాజలింగం అన్న సంచి భుజాన ఏసుకొని వచ్చి దొడ్డి కాడ నిలవడ్డడు. సంచి దించుతలేడు, లోపటికి వస్తలేడు. చేతుల ఒక సర్కారీ లిఫాఫా. ఆయన సంచిలనే వచ్చింది, బాలవ్వ పేరు మీద. ఏందన్నా అన్న.

"చెల్లె, నేను సచ్చిపోయిన్నంట" అన్నడు.

నాకు సమజ్ కాలే. మనిషి ముంగట నిలవడి మాట్లాడుతుండు. ఏం పరాచికమన్నా ఇది అన్న. ఆయన అక్కడ్నే కూలవడ్డడు. గప్పుడు సమజైంది. ఉత్తరాల సంచులు ఏసుకొని పోయే పడవ మీద బాంబు వడ్డదంట, బర్మా దిక్కు. పీనుగు గూడ దొరకలే. నేను చెంబుతోని బర్రె మీద నీళ్లు పోసుకుంటనే ఉన్న. నేనే పొమ్మన్న, నేనే పొమ్మన్న, గదే తిరుగుతున్నది నెత్తిల. ఇప్పటికీ తిరుగుతది, ఒట్టేసి చెప్తున్న.

మున్షీ సాబ్ ఇంటికొచ్చి చెయ్యి పట్టుకున్నడు. "అమ్మా, నోరు విప్పకు. విప్పితే నేను, రాజలింగం, అందరం జేల్‌కు పోతం" అన్నడు. సరే అన్న. గప్పుడు నాకు సోయి లేదు. గాజులు నేను తీసేసిన, సర్కార్ కాగితంల ముండమోసింది మాత్రం బాలవ్వ. సర్కార్ ఇచ్చింది ఏదున్నా ఆమె తెచ్చి నా చేతులనే పెట్టేది, ఆ మాట దాయొద్దు.

లడాయి అయిపోయింది. ఒకనాడు టప్పాఖానకు రాయి తెచ్చిన్రు, గోడకు పెట్టిన్రు. గుడ్డ కప్పి, అందరిని నిలవెట్టి, గుడ్డ తీసి, మున్షీ సాబ్ పేర్లు చదివిండు. నేను పాల క్యాన్ పట్టుకొని ఎనుక నిలవడ్డ. నేనేమనుకున్ననో ఎరుకేనా? మీ తాత పేరొస్తది అనుకున్న. సచ్చినోళ్ల రాయి గదా, సచ్చినోని పేరే ఉంటది అనుకున్న. మూడో పేరు రాజలింగం అని చదివిన్రు. రాజలింగం అన్న వరుసల నిలవడి తన పేరుకు తనే సలాం కొట్టిండు. మొకం జూడాలె, నెత్తురు సుక్క లేదు.

నేను మున్షీ కాడికి పోయిన. సాబ్, ఆ పేరు తీసి మా ఆయన పేరు పెట్టు అన్న. "నీ పెనిమిటి లడాయికి పోయిండని కాగితమేది?" అన్నడు. కితాబు తెరిచి ఏలు పెట్టి సూపిచ్చిండు. "సూడు, నీ పెనిమిటి దినాం హాజిర్. నిన్న హాజిర్. ఇయ్యాల హాజిర్. సచ్చినోడు నౌకరికి ఎట్లొస్తడు అమ్మా?"

గా మాటకు నాకు కాలింది. చెప్తున్న గదా, గా మాటకే. మీ అమ్మ నాలుగేండ్లది అప్పుడు. రేపు పోరగాండ్లు, మీ నాయన ఏడే అని అడుగుతరు. సచ్చిండంటే కితాబుల బతికుండు. బతికుండంటే ఇంట్ల లేడు. లేచిపోయిండు అనేటోళ్లు గూడ అంటున్రు అప్పటికే, గల్లీల నాలికలు ఊకుంటయా? నాకు పైసలొద్దు సాబ్, నా బిడ్డకు నాయన పేరు గావాలె అన్న. పో పో అన్నడు.

పోలే. తెల్లారి నుంచి దినాం పోయిన. మొఘల్‌పురల పాలు పోసేది అయిపోంగనే, ఉత్తి క్యాన్ నెత్తిన పెట్టుకొని, హాజిరి పిలిచే యాళ్లకు టప్పాఖాన అర్ర ముంగట నిలవడేదాన్ని. మున్షీ ఒక్కొక్క పేరు పిలుస్తడు, హాజిర్, హాజిర్. ఆఖరికి మీ తాత పేరు. రాజలింగం అన్న నోరు తెరిచే లోపట నేననేదాన్ని.

"లేడు సాబ్. లడాయిల సచ్చిపోయిండు."

మొదటిరోజు నవ్విన్రు. రెండో రోజు మున్షీ లేచి తిట్టిండు. మూడో రోజు బయటికి దొబ్బుమన్నడు, ఉత్తరాలోళ్లు ఎవలు నా మీద చెయ్యి ఎయ్యలే. హాజిరి యాళ్ల ముందుకు జరిపిండు. నేను బర్రెలను ముందు పిండిన. మా అత్త నెత్తి కొట్టుకున్నది, కోడలు టప్పాఖాన మీద పడ్డది అని. వాన పడ్డా పోయిన, జెరముంటే మీ అమ్మను ఎంటవెట్టుకొని పోయిన. ఎన్ని దినాలంటే లెక్క లేదు గని, వానకాలంల మొదలువెట్టిన, సలి పడేదాక నడిచింది. రాజలింగం అన్నను మాత్రం నేను ఒక్క మాట అడగలే. నువ్వు చెప్పు అనలే, చెప్పకు అనలే. దినదినానికి ఆయన హాజిర్ సన్నగయితున్నది. ఆఖరికి పెదవులు కదిలేటివి, సప్పుడు రాకపోతుండె.

బాలవ్వ వచ్చింది ఒకనాడు. వాకిట్లనే నిలవడి, నా మొగని నౌకరి పోతది, నా పిలగాని నోట్ల మన్ను కొడుతవా అన్నది.

"నీ పిలగాడు బతికిండు, నాకు సంతోషం" అన్న. "నా మనిషి సచ్చిండు బాలవ్వా. సచ్చిండని నన్ను అననియ్యి."

ఎనుకకు తిరిగింది. పోయింది. అప్పటిసంది మొకం తిప్పుకునేది.

అయితే పెద్ద కచేరీ నుంచి ఒక అఫ్సర్ తనిఖీకి వస్తుండని తెలిసింది. మున్షీ సాబ్ ముందురోజు మా ఇంటికొచ్చి, ఒక్క రేపు రాకు తల్లీ, ఎల్లుండి నుంచి నీ ఇష్టం అన్నడు. ముసలాయన, చేతులు జోడిచ్చిండు. నాకు గూడ బాధనిపిచ్చింది, ఎందుకనిపియ్యదు. కని రేపే రావాలె సాబ్ నేను అన్న.

పోయిన. అఫ్సర్ కుర్సీల కూసున్నడు, పక్కన టోపీ పెట్టుకున్నడు. మున్షీ బిరబిర పిలుస్తుండు. లడాయికి పోయినోళ్ల జాగల పెట్టిన కొత్తోళ్లతోని ఐదు పేర్లయినయి, ఆఖరి పేరు కాడికొచ్చిండు. లేడు సాబ్, సచ్చిపోయిండు అన్న. ఎవరీ ఔరత్ అన్నడు అఫ్సర్. పాగల్ సాబ్, పాలమ్ముకుంటది అన్నడు మున్షీ. అఫ్సర్ కితాబు తన దిక్కు తిప్పుకున్నడు. ఆ పేరు తనే పిలిచిండు. ఎవలు పలుకలే. మల్ల పిలిచిండు.

రాజలింగం అన్న ముంగటికొచ్చిండు. నడుముకున్న పట్టా ఇప్పి మేజా మీద పెట్టిండు.

"నేను రాజలింగంను సాబ్. బయట రాయి మీదున్నది నా పేరే. నేను బతికే ఉన్న. నా పట్టా కట్టుకొని పోయినాయన సచ్చిండు."

అఫ్సర్ లేచి కిటికీల నుంచి రాయి దిక్కు సూసిండు, రాజలింగం దిక్కు సూసిండు. మరి సచ్చిందెవలు అని నన్ను అడిగిండు. పేరు చెప్పు అన్నడు. పెండ్లయినప్పటిసంది ఆ మాట నా నాలిక మీదికి రాలే. మున్షీ సాబ్ ఎరుక గలోడు గదా, నేను చెప్త సాబ్ అన్నడు. నేను చెయ్యి అడ్డం పెట్టిన. ఇన్ని దినాలు నిలవడ్డది ఎందుకు, మల్ల ఇంకొకడు చెప్పనీకా?

"మల్లయ్య" అన్న. "పాలోళ్ల మల్లయ్య, సాబ్."

గట్టిగనే అన్న. అన్నంక క్యాన్ కింద పెట్టి దాని మీదనే కూసున్న.

ఇగ అయిందేదో అయింది. మున్షీ నౌకరి పోయింది, రాజలింగం అన్నది పోయింది. కొత్వాలీల నాలుగు దినాలు కూసోవెట్టి ఇడిసిపెట్టిన్రు. బయటికి పొక్కితే పెద్దోళ్లకు గూడ మంచిది గాదు గదా, సప్పుడు జేయకుంట ముగిచ్చిన్రు. రాజలింగం అన్న మా దొడ్లకే వచ్చిండు, గడ్డి కోసుడు, బర్రెలను కడుగుడు. సచ్చేదాక మాతోనే ఉన్నడు. నౌకరి పోయిందని నన్ను ఒక్కనాడు అనలే. బాలవ్వ మాత్రం ఎన్నో ఏండ్లు మాట్లాడలే. మాట్లాడకపోయినా నేను తప్పు పట్ట, ఆమెది ఆమెకున్నది.

రాయి చెక్కేటాయన వచ్చిన నాడు పొద్దుగాల్నే పోయిన. పాత పేరు గీకుతుండు, పొడి లేస్తున్నది. లోతుకు పోతదమ్మా, వరుస తప్పుతది అన్నడు. పోనియ్యి అన్న. గంతల లోపట హాజిరి యాళ్ల అయింది. అలవాటు గదా, నేను పోయి అర్ర ముంగట నిలవడ్డ. కొత్త మున్షీ, నన్నెరుగడు. కితాబు తెరిచిండు, పేర్లు పిలిచిండు. ఐదు పేర్లు. నేను ఎదురుసూస్తున్న. ఆయన కితాబు మూసిండు. ఆఖరి పేరు మీద ఎర్ర గీత కొట్టిన్రంట.

గప్పుడు ఏడుపొచ్చింది బిడ్డా. కాగితమొచ్చిన నాడు గూడ గట్ల ఏడ్వలే. మనిషి పోయినంక గూడ అన్నేండ్లు దినాం పొద్దుగాల ఒకలు ఆయన పేరు పెట్టి పిలిచిన్రు ఈ దునియాల. గా పిలుపును నేను బంద్ చేపిచ్చిన. కొట్లాడి, వానల నానుకుంట, నేనే బంద్ చేపిచ్చిన.

తప్పు జేసిన్నా అంటే, కాదు. మల్ల చెయ్యమన్నా గట్లనే చేస్త. మీ అమ్మ పెండ్లి కార్డు మీద కీర్తిశేషులు మల్లయ్య అని అచ్చయింది, ఎవలకు నోరు రాలే. కాకపోతే... ఇగో, ఈ గింజ సూడు, ఎంతకూ ఊడదు...

ఏడుస్తున్నవా పిచ్చిపిల్లా. నూరేండ్లు బతుకు. సల్లగుండు. నీ పేరు ఏడ పిలిచినా నువ్వే పలుకు బిడ్డా, నువ్వే పలుకు.